కార్తీక వనభోజనం ఉబ్బలమడుగులోనా?

చెన్నై మాధవరంలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు. ఈ ఏడు కార్తీక వనభోజనానికి 40 మంది బస్సు మాట్లాడుకుని తడ దగ్గరి ఉబ్బలమడుగు జలపాతానికి పోదామని శేఖర్ పట్టుదల. చెన్నై కుర్రకారు ‘తడ ఫాల్స్’ అనేది దాన్నే. తిరుపతి జిల్లాలో వరదయ్యపాళెం అవతల, కంబాకం కొండల్లో ఉంది. అతని వదిన కామేశ్వరి కార్తీకంలో అక్కడికి వద్దంటుంది. మేడ మీద, డబ్బు కట్టాల్సినవాళ్ళందరి ముందు, ఇద్దరూ తేల్చుకోవడానికి కూర్చున్నారు.

శేఖర్: ముందు నా లెక్క వినండి వదినా. ఇక్కణ్ణుంచి హైవే పట్టుకుంటే తడ రెండు గంటల లోపే. అక్కడ శ్రీకాళహస్తి రోడ్డులోకి తిరిగి వరదయ్యపాళెం దాటితే అడవి దారి. చెక్‌పోస్టులో టిక్కెట్టు తీసుకుని నడక మొదలెట్టడమే. రానుపోను దాదాపు 10 కిలోమీటర్లు. మొదటి సగం చదును బాట, చెట్ల నీడ. ఆ తర్వాత వాగు పక్కనే బండల మీద నడక, మధ్యమధ్య వాగు దాటడం. పదేళ్ళ పిల్లలు కూడా అలిసిపోరు. చెన్నైకి ఇంత దగ్గర్లో, ఇంత సులువైన దారిలో ఇన్ని నీళ్ళు ఇంకెక్కడున్నాయి?

కామేశ్వరి: సులువని నేనూ ఒప్పుకుంటా. నా భయం ఆ సులువు గురించే. కష్టమైన కొండయితే చేతకానివాళ్ళు సగంలోనే కూలబడతారు. ఇక్కడ ఎవరూ ఆగరు. ఈత రానివాడు, మోకాళ్ళ నొప్పులవాడు, చంకలో బిడ్డ ఉన్న తల్లి, అందరూ తిన్నగా మడుగు ఒడ్డుకు చేరతారు. ఇలాంటి చోట్ల ప్రాణాలు పోయేది ఎక్కువగా నడకలో కాదు, స్నానానికి దిగినప్పుడు.

శేఖర్: అయితే దిగకుండా చూసుకుందాం. దానికి నెల మార్చుకోవడం ఎందుకు?

కామేశ్వరి: చిక్కంతా నెలలోనే ఉంది శేఖరూ. కార్తీకం అంటే అక్టోబరు చివర, నవంబరు. ఈ ప్రాంతపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. సముద్రపు గాలి పులికాట్ మీదుగా వచ్చి ఆ కొండలకే కొడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మన చెన్నై వీధుల్లోనే పడవలు తిరిగాయి.

శేఖర్: తుపానులో ఎవరు పొమ్మన్నారు? తెరిపిచ్చిన ఆదివారం చూసుకుని పోదాం. ఫోనులో వాతావరణం చూస్తే తెలిసిపోతుంది.

కామేశ్వరి: ఏ ఊరిది చూస్తావు? చెన్నై అని కొడతావు. అది ఆంధ్రాలో కొండ. తిరుపతి జిల్లా హెచ్చరికలు ఇచ్చేది అమరావతి వాతావరణ కేంద్రం, చెన్నై కేంద్రం తమిళనాడుకు ఇస్తుంది. ఇక్కడి మ్యాపులో రంగు లేదని బస్సెక్కినవాడికి అవతలి జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక పడిందని తెలియనే తెలియదు. చూడాలంటే తిరుపతి జిల్లా చూడు, పొద్దున శ్రీహరికోట రాడారు చిత్రం చూడు.

శేఖర్: సరే, అదీ చూస్తాను. ఎండ కాస్తుంటే మాత్రం మీకు అభ్యంతరం ఉండకూడదు.

కామేశ్వరి: మడుగు దగ్గర ఎండే ఉంటుంది. వాన పడేది పైన. ఆ కొండ చాలామటుకు రాయి, మట్టి పలచన. నాలుగు రోజులు నానిన కొండ మీద గంటసేపు గట్టి వాన పడితే నూనె రాసిన పెనం మీద పోసినట్టు నీళ్ళన్నీ కిందికి జారతాయి. చీలిక చీలికలో దిగిన నీరు ఒకే ఇరుకు వాగులో కలుస్తుంది. అందుకే చూస్తుండగా పొంగుతుంది, ఒక్కోసారి అరగంట కూడా పట్టదు. వచ్చేటప్పుడు చీలమండ దాకా ఉన్న దాటు తిరిగి వెళ్ళేటప్పుడు తొడదాకా ఉంటుంది. ఒడ్డు తడవకముందే వాగు నీకు కబురు పెడుతుంది, అది చదవడం ఎంతమందికి తెలుసు? తేటనీరు టీ రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులు, పుల్లలు, నురుగు తేలుతూ వస్తాయి. నీటి హోరు బరువెక్కుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కనబడినా సామాన్లు వదిలేసి పక్క గట్టెక్కాలి. కిందికి, వాగు వెంబడి పరుగెత్తకూడదు.

(ఇక్కడ ఒక పెద్దాయన, ‘అవతలి గట్టున చిక్కుకుంటే?’ అన్నారు.)

కామేశ్వరి: చిక్కుకుంటే అక్కడే కూర్చోవాలి. పైన వాన ఆగితే ఇలాంటి చిన్న వాగు కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఆకలి అవుతుంది, ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు, అంతే. వేగంగా పారే నీరు 6 అంగుళాలుంటే చాలు, పెద్దమనిషిని పడేస్తుంది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. చేతులు పట్టుకుని గొలుసుకట్టి దాటుదామంటారు కొందరు. మధ్యలో ఒకడు జారితే పక్కవాళ్ళనూ లాక్కుపోతాడు.

శేఖర్: మీరు చెప్పినవన్నీ నిజాలే. వాటి నుంచి ‘వెళ్ళొద్దు’ అని తేల్చడం మాత్రం కుదరదు. ఎప్పుడు వెళ్ళాలో మీరే చెప్పండి. ఫిబ్రవరి దాటితే ధార సన్నబడుతుంది, మడుగులు పాచి పడతాయి. మార్చిలో అడవంతా ఎండుగడ్డి. తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న కార్చిచ్చులో చిక్కుకున్నవాళ్ళు నడకకు పోయినవాళ్ళే, అందులో చెన్నైవాళ్ళున్నారు. వానాకాలం నీళ్ళ భయం, ఎండాకాలం నిప్పు భయం అనుకుంటూ పోతే మనవాళ్ళు ఆదివారాలన్నీ మాల్‌లోనే గడపాలి.

కామేశ్వరి: డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి లోపు పోదాం. వానలు సర్దుకుంటాయి, వాగు ఇంకా పారుతుంటుంది, నీరు తేటపడుతుంది.

శేఖర్: అప్పటి జనం సంగతో? కొత్త సంవత్సరం వారం సీసాలు పట్టుకుని వచ్చే గుంపులుంటాయి. పగలగొట్టిన గాజు వాగు అడుగున పడి ఉంటుంది, పిల్లలు వట్టికాళ్ళతో దిగుతారు. పైగా ఉసిరిచెట్టు కింద భోజనం కార్తీకంలోనే కదా. ధనుర్మాసంలో పెట్టుకుని దాన్ని వనభోజనం అని పిలవమంటారా?

(ఇక్కడ చప్పట్లు. ఎక్కువగా వృద్ధులవి.)

కామేశ్వరి: ఆ మాట నిజమే. అయితే వంటల సంగతి చెప్పు. గ్యాస్ పొయ్యి, బాణలి తెస్తానన్నావట.

శేఖర్: అక్కడే వేడివేడిగా...

కామేశ్వరి: అది అటవీ భూమి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. పొయ్యి చెక్‌పోస్టులోనే దిగిపోతుంది, దాంతోపాటు 40 మంది భోజనమూ.

శేఖర్: సరే, ఇంట్లోనే వండుకుందాం. పులిహోరలో నూనె, చింతపండు పులుసు ధారాళంగా పడితే సాయంత్రం దాకా ఢోకా లేదు. పెరుగన్నం పొద్దున్నే కలిపితే పన్నెండింటికి పులిసిపోతుంది కాబట్టి, అన్నం మెత్తగా చిదిమి పాలు పోసి చెంచాడు పెరుగు వేస్తే చాలు. తినే వేళకు తోడుకుని కమ్మగా ఉంటుంది. అంతా స్టీలు డబ్బాల్లో తీసుకెళ్దాం. కవరు గలగలమంటే కోతులు దిగుతాయి. మనిషికి 2 లీటర్ల నీళ్ళు. వడదెబ్బకు లీటరు నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెప్పుల్లో ఎవర్నీ రానివ్వను. తడిరాతి మీద వాగు దాటేటప్పుడు పట్టీ తెగేది వాటికే. లేసులున్న రబ్బరు అడుగు బూట్లు, ఇంకో జత సాక్సు. ఎండిన సాక్సు లేక బొబ్బలెక్కితే తిరుగు దారి రెండింతలవుతుంది.

కామేశ్వరి: పొదల్లో కూర్చోనివ్వకు కూడా. చలికాలంలో ఆ జిల్లాలో స్క్రబ్ టైఫస్ ఉంటుంది. నల్లిలాంటి చిన్న పురుగు కుడితే ఒకటి రెండు వారాలకు జ్వరం వస్తుంది, కుట్టినచోట నల్లటి పక్కు కడుతుంది. ఆ మచ్చ చూపించి ‘అడవికి పోయాం’ అని చెబితే డాక్టరుకు మందు తట్టడం తేలిక. సరే, దీన్ని వదిలెయ్. మడుగు దగ్గరికి రా.

శేఖర్: ఈతొచ్చిన నలుగురం కాపలా ఉంటాం.

కామేశ్వరి: ఎక్కడి ఈత మీది? స్విమ్మింగ్ పూల్‌ది. జలపాతం కిందినీళ్ళు వేరు. ధార పడేచోట రాయి తొలిచి గుంట అవుతుంది, ఎంత లోతో పైకి కనబడదు. నురుగులో సగం గాలే. తేలే బలం తగ్గి, బాగా ఈదేవాడూ మునుగుతాడు. పడ్డ నీరు అడుగునుంచి తిరిగి ధార వైపే లాగుతుంది. రాతి అరుగు కిందికి నెట్టిందంటే తల పైకి రాదు. బండలన్నీ పాచి, పట్టుకోను మెట్టు ఉండదు. మునిగేవాడు దగ్గరికొచ్చినవాణ్ణి కౌగిలించుకుంటాడు. ఇద్దరూ పోతారు.

శేఖర్: దిగి కాపాడతామని ఎవరన్నారు? విసిరి లాగుతాం. 20 మీటర్ల తాడు, దాని చివర మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల నీళ్ళ క్యాను. అది 5 కిలోల బరువు తేల్చగలదు, మనిషి ముక్కు, నోరు నీటిపైన ఉండడానికి అది చాలు. గాలికి ఎగిరిపోకుండా క్యానులో గ్లాసుడు నీళ్ళుంచాలి. తాడు దొరక్కపోతే రెండు చీరలు ముడేస్తాం. విసిరాక బోర్లా పడుకుని లాగాలి, నిలబడి లాగితే లాగేవాడే జారిపోతాడు. బయటికి లాగాక పొట్ట నొక్కకూడదు, తలకిందులు చేయకూడదు. కడుపులోది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే నోట్లోకి 2 సార్లు ఊది, ఛాతీ మధ్యన 30 నొక్కులు, మళ్ళీ 2 ఊపిర్లు. నిమిషానికి 100 నుంచి 120 వేగం. ఒకడు నొక్కుతుంటే ఇంకొకడు సిగ్నలు దొరికే చోటికి 108కి చెప్పడానికి పరుగెత్తాలి. లోయలో ఫోను పలకదు.

కామేశ్వరి: (కాస్త ఆగి) ఇది నలుగురికీ వచ్చా, నీ ఒక్కడికేనా?

శేఖర్: వచ్చే ఆదివారం ఈ మేడ మీదే దిండు పెట్టి అందరికీ నేర్పుతా. అసలు ధార కింది మడుగులోకి ఎవర్నీ పోనివ్వను. స్నానం కింద, ఇసుక కనబడే పాయలో, మోకాలి లోతులో. పిల్లలకు మోకాలంటే వాళ్ళ మోకాలే, మనది కాదు. చేరగానే వాగులో ఒక రాయికి సుద్దముక్కతో గీత పెడతా. ఒక మనిషి దాన్నే చూస్తుంటాడు, అరగంటకోసారి మారతాడు. నాలుగు వేళ్ళు పెరిగితే విజిలు, అందరూ గట్టెక్కాలి. ఒంటిగంటన్నరకు తిరుగు ముఖం. నవంబరులో 5:40 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, లోయలో అంతకు చాలా ముందే మసక.

కామేశ్వరి: ఇంత చేసినా, మొదటి దాటు దగ్గరే నీళ్ళు ఎర్రగా ఉంటే?

శేఖర్: అక్కణ్ణుంచే వెనక్కి.

కామేశ్వరి: 40 మందిలో ఎంతమంది వింటారు? డబ్బు కట్టి, పొద్దున 5 గంటలకు లేచి, జలపాతం హోరు చెవిన పడ్డాక? ‘ఇంతదూరం వచ్చాం కదా’ అంటారు. ఆ మాటను నువ్వొక్కడివి ఆపలేవు. అందుకే వెనక్కి తిప్పే నిర్ణయం అడవిలో జరగకూడదంటున్నా. బస్సులోనే జరగాలి, ఇంకోచోటు చేతిలో ఉండాలి. నారాయణవనం వైపు కైలాసకోన ఉంది. ఏడాది పొడుగునా ధార పడుతుంది, మెట్లున్నాయి, శివుడి గుడి ఉంది. ముసలివాళ్ళకు అదే మేలు.

శేఖర్: కైలాసకోనలో నడకేముంది? బస్సు దిగితే జలపాతమే.

కామేశ్వరి: అందుకే దాన్ని రెండోచోటు అంటున్నా. మొదటిది నీదే. మూడు రోజులుగా ఆ జిల్లాలో గట్టి వాన లేకపోతే, ఆ రోజుకు పసుపు హెచ్చరిక కూడా లేకపోతే ఉబ్బలమడుగు. లేదంటే కైలాసకోన. అక్కడా నీరు ఉధృతంగా ఉంటే ధార కింద నిలబడేది లేదు, గుడి దగ్గరే భోజనం.

శేఖర్: రెండూ ఆంధ్రాలోనే కాబట్టి బస్సు పర్మిట్ ఒకటే. దారి చీలేది జనప్పన్‌సత్రం కూడలి దగ్గర. తిన్నగా పోతే తడ, ఎడమకు తిరిగితే పెరియపాళయం, ఊత్తుకోట మీదుగా కైలాసకోన. అక్కడ టీకి ఆపి రాడారు చూసి చెబుతా.

కామేశ్వరి: చూసేది నువ్వు కాదు, నేను. డ్రైవరుకు ఆ మాట ఇప్పుడే చెప్పు.