సెక్షన్ మారితే స్నేహితుడూ మారిపోతాడు

సెలవులకు ఇంటికొచ్చిన ఇంటర్ పిల్లాడు తెల్లారేదాకా ఫోన్‌లో ఆటలు వదలడం లేదంటే విజయవాడలో ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: ఫోన్ లాక్కోండి. లాక్కున్నాక వాడు ఎవరితో మాట్లాడాలి? నాకు అసలు ప్రశ్న అదే.

ఆడే ప్రతి పిల్లాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చిన గేమింగ్ డిజార్డర్‌కు (ఆటల వ్యసనానికి) కూడా గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతావన్నీ వెనక్కి పోవడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం, సాధారణంగా ఇది ఏడాదైనా సాగడం చూస్తారు.

అమ్మానాన్నలతో, స్నేహితులతో పిల్లల బంధాన్ని కొలవడానికి ఆర్మ్స్‌డెన్, గ్రీన్‌బర్గ్ 1987లో ఒక ప్రశ్నావళి ఇచ్చారు. అందులో చూసేవి నమ్మకం, మాటామంతీ, పరాయితనం. ఇంట్లో పరాయితనం ఎక్కువున్న పిల్లల్లో గేమింగ్ సమస్యా ఎక్కువేనని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఏది ముందో తేల్చడం కష్టం. ఆట వల్ల గొడవలు, గొడవల వల్ల మళ్లీ ఆట.

మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఈ పరాయితనాన్ని మనమే పెంచుతున్నాం. ఆదివారం విజిటింగ్‌కి వెళ్లి చూడండి. చెట్టు కింద దుప్పటి పరిచి, క్యారియర్ విప్పి, అమ్మ గోంగూర కలుపుతుంటుంది. నాన్న అడిగే మొదటి మాట, "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" పిల్లాడు తల దించుకుని తింటాడు. ఇక ఆ పూట మాటలుండవు. పోనీ స్నేహితులున్నారా అంటే, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. బెంచీలో పక్కనున్నవాడు నెల తిరక్కుండా వేరే బిల్డింగ్‌లో ఉంటాడు.

అలాంటి పిల్లాడికి సెలవుల్లో ఫోన్ ఆటలో నలుగురి స్క్వాడ్, అంటే జట్టు, దొరుకుతుంది. "రారా, నీకోసమే ఆగాం" అంటారు. మార్కులు అడగరు. 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధిస్తే పిల్లలు వేరే ఆటలకు వెళ్లారు, ఆ పిలుపు కోసమే చాలామంది వెళ్లారని నా నమ్మకం. అందరూ ఆడే గుంపులో ఆడకపోతే వెలివేసినట్టే, కాబట్టి స్నేహం ఆటలోకి లాగగలదు కూడా. కానీ "నిద్రపోవట్లేదేంట్రా" అని అడిగే ఒక్క రూమ్మేట్ ఉన్నా తేడా ఉంటుంది.

అందుకే కాలేజీలు సెక్షన్లు మార్చినా రూమ్మేట్లను ఏడాదంతా కదపకూడదు. మార్కులు తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్‌గా వస్తూనే ఉంటాయి, విజిటింగ్‌లో మళ్లీ అడగనక్కర్లేదు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడు ఫోన్ చేయనంటే తల్లిదండ్రులే చేసి అడగొచ్చు.