నీళ్ల సీసాలో థిన్నర్

ఒడిశాలో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో రాయగడలోనో రంగుల దుకాణానికి వెళ్లి, రంగు పలచన చేసే థిన్నర్ అర లీటరు అడిగి చూడండి. చాలాచోట్ల గరాటు పెట్టి ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసిస్తారు. సీసా చుట్టూ నీళ్ల కంపెనీ కాగితం అలాగే ఉంటుంది. ఇంటికొచ్చాక అది వంటగది అటక మీదో, మంచం కిందో చేరుతుంది. పండక్కి తలుపులకు రంగులేసే రోజుల్లో అందరం చూసేదే. మేమూ చూసి ఊరుకున్నాం. ఇక ఊరుకోకూడదనే ఈ మాటలు.

థిన్నర్ ఒకే పదార్థం కాదు, కొన్ని ద్రావకాల మిశ్రమం. చాలా రకాల్లో ముఖ్యమైనది టోలుయీన్. ముక్కుకు తియ్యగా తగిలే వాసన దానిదే. బండికి డూకో (తళతళలాడే స్ప్రే రంగు) కొట్టాలన్నా, చెప్పుల జిగురుకైనా, అచ్చు సిరాకైనా అది కావాలి. రంగునూ జిడ్డునూ ఇట్టే కరిగిస్తుంది, పని కాగానే చప్పున ఆరిపోతుంది. పనివాళ్లకు నచ్చేది ఆ ఆరిపోయే గుణమే, చిక్కంతా కూడా అందులోనే ఉంది. ఆరిన థిన్నర్ ఎక్కడికీ పోదు, ఆవిరై గదిలోనే ఉంటుంది.

రేషన్ కిరసనాయిలుతో పొయ్యి వెలిగించిన చెయ్యి థిన్నర్‌నూ అదే లెక్కన చూస్తుంది. కిరసనాయిలు 35 డిగ్రీలకైనా వేడెక్కితే గానీ అంటుకునేంత ఆవిరి వదలదు. అందుకే దానికి వత్తి కావాలి. టోలుయీన్‌కు 4 డిగ్రీలు చాలు. కోరాపుట్ కొండల్లో చలి కొరికే రాత్రుల్లో కూడా అంత చల్లదనం అరుదు. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. నేలబారున పాకుతూ గడప దాటి, పక్క గదిలో గ్యాస్ పొయ్యి దాకానో దేవుడి దీపం దాకానో వెళ్తుంది. అక్కడ అంటుకున్న మంట వచ్చిన దారినే సీసా దగ్గరికి తిరిగొస్తుంది. దూరంగానే ఉన్నాం కదా అనుకున్నవాళ్లు కూడా కాలేది ఇందుకే.

ఎంత థిన్నర్‌తో ఈ ముప్పు వస్తుంది? లీటరు టోలుయీన్ పూర్తిగా ఆవిరైతే సుమారు 230 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో అది నూటికి 1.2 వంతులున్నా అంటుకుంటుంది. అంటే ఒక్క లీటరు ఒలికితే ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న గది గాలికంతా సరిపోతుంది. ఆవిరి కిందే పేరుకుంటుంది కాబట్టి నేల దగ్గర ప్రమాదానికి అంతకన్నా చాలా తక్కువే చాలు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందన్న ధీమా పనికిరాదు. మామూలు ఫ్యాను మోటారు, స్విచ్చు కూడా నిప్పురవ్వ పుట్టించగలవు. బయటి తలుపులు బార్లా తెరిచి పని చేసుకోవడమే మేలు.

టోలుయీన్ గుండా కరెంటు సరిగా పారదు. ధారగా పోస్తుంటే అందులో స్థిర విద్యుత్తు పోగవుతుంది. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడేది అదే. ఆ చిన్న రవ్వ చాలు, ఆవిరి అంటుకోవడానికి. డ్రమ్ములోంచి ఇనుప డబ్బాలోకి వంచేటప్పుడు రెండింటినీ వైరుతో కలిపి ఎర్తింగ్ ఇవ్వాలి. బరంపురం హైవే పక్క లారీ పెయింటింగ్ షెడ్డుల యజమానులు తమ దగ్గర ఆ వైరు ఉందో లేదో ఇవాళే చూసుకోవాలి. మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు. టోలుయీన్ నీటి మీద తేలి మండుతూనే పారుతుంది. ఇసుక, మంటలార్పే పొడి చల్లే సిలిండర్, మంటలార్పే నురగ పనికొస్తాయి. థిన్నర్‌తో చేతులు కడుక్కునే అలవాటు కూడా మానాలి. చర్మం పగులుతుంది, పీల్చిన ఆవిరి తలనొప్పి, మత్తు తెస్తుంది.

ఖాళీ డ్రమ్ము సంగతి వేరే చెప్పాలి. 200 లీటర్ల పాత డ్రమ్ములు కొని, గ్యాస్ కట్టర్‌తో కోసి నీళ్ల తొట్లు చేయించుకుంటారు. నిండు డ్రమ్ముకన్నా ఇదే భయంకరం. లోపల గాలి నిండుగా ఉంటుంది, అడుగున రెండు చెంచాల థిన్నర్ మిగిలినా చాలు, కట్టర్ తగలగానే పేలుతుంది. థిన్నర్ డ్రమ్ము తెచ్చినవాడిని వెల్డింగ్ షాపువాళ్లు వెనక్కి పంపేయాలి, గిరాకీ పోతే పోనీ.

1934 నాటి పెట్రోలియం చట్టం ఇలాంటి ద్రవాలను ‘ఏ’ తరగతిలో, అంటే అన్నిటికన్నా తేలిగ్గా అంటుకునేవాటిలో పెట్టింది. అమ్మకానికి కాకపోతే 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అదీ గాజు సీసాలోనైతే లీటరు, లోహపు డబ్బాలోనైతే 25 లీటర్లు మించకూడదు. ప్లాస్టిక్ సీసా ఊసే అందులో లేదు. చట్టం ఉంది సరే, నలుగురు పనిచేసే షెడ్డులోకి తొంగిచూసే అధికారి ఎవరు?

డబ్బా మీది హెచ్చరిక ఇంగ్లిష్‌లో ఉంటుంది, మహా అయితే హిందీలో. ఒడియా బడిలో నాలుగు తరగతులు చదివి మానేసిన తెలుగు పెయింటర్‌కు అవి ఉత్త గీతలే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో అమ్మే డబ్బాల మీద ఒడియాతో పాటు తెలుగులోనూ ‘నిప్పు దగ్గర తెరవొద్దు’ అని అచ్చు వేయించమని ఒడిశా ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. అది జరిగేదాకా దుకాణదారులు మూత బిగిసే చిన్న ఇనుప డబ్బాల్లోనే అమ్మాలి. డబ్బా ఖరీదు కొన్నవాడే ఇస్తాడు. ఇంకొకటి. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య కొద్ది కిలోమీటర్లే. మంట లేస్తే దగ్గరున్న ఫైరింజన్ ఏ రాష్ట్రానిదైనా ముందు బయల్దేరేలా శ్రీకాకుళం, గజపతి జిల్లాల కలెక్టర్లు కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. అదీ ఈ పండగ రంగులు మొదలయ్యేలోపే.