తీరికకు కూలి ఏమిటి?

దేశ ఆర్థిక వ్యవస్థకు కొత్త ముప్పు వచ్చిపడింది. ఇంట్లో కూర్చుని కొక్కెం సూదితో, అంటే క్రోషా పద్ధతిలో, కార్డిగన్ అనే గుండీల స్వెట్టర్ అల్లి, ‘దీనికి ఇంత’ అని ధర చెప్పే ఆడవాళ్ళు బయలుదేరారు. ఊలు ఖర్చు అడిగితే ఎవరికీ అభ్యంతరం లేదు. పెద్దమనుషులం, బిల్లు చూసి ఇచ్చేస్తాం. వీళ్ళు ఆ కింద ‘చేతిపని’ అని ఇంకో అంకె వేస్తున్నారు. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రేపు గారెలకు పప్పు రుబ్బినందుకూ లెక్క రాస్తారు.

గొడవకు మూలమైన వస్తువు షట్కోణాల కార్డిగన్. దానికి కావలసింది రెండే రెండు షట్కోణాలు. బళ్ళో మనం గీసిన షట్కోణానికి ఒక్కో మూల 120 డిగ్రీలు. బుద్ధిగా కాగితం మీద పడుకునేది. వీళ్ళది అలా కాదు. గ్రానీ స్క్వేర్ అనే చదరపు అల్లికకు నాలుగు చోట్ల వేసే 90 డిగ్రీల మూలల్నే ఇక్కడ ఆరు చోట్ల వేస్తారు. నాలుగు పట్టే చోట ఆరు కూరితే అల్లిక బల్లపరుపుగా ఎందుకుంటుంది? అలలు అలలుగా లేస్తుంది. చూసినవాళ్ళు చెడిపోయిందనుకుంటారు. దాన్ని ఒక పద్ధతిలో మడిస్తే ఇంగ్లిషు ‘ఎల్’ అక్షరంలా తయారవుతుంది. ఒక కొమ్ము చెయ్యి, రెండోది సగం ఒళ్ళు. అలాంటివి రెండు చేసి వీపు మధ్యలో అతికి, భుజాల మీదుగా కుట్టేస్తే అయిపోయింది. కత్తెర లేదు, టైలరు లేడు. పొట్టిగా ఉంటే ఇంకో చుట్టు వేస్తారు.

ఇందులో ఎంత శ్రమ ఉందో అని కొందరు వాపోతారు కాబట్టి లెక్క నేనే వేశాను. మొదటి చుట్టులో ఆరు గుత్తులు. ఆపైన చుట్టుచుట్టుకీ ఆరేసి పెరుగుతాయి. గుత్తికి మూడు పొడుగు కుట్లు. 20 చుట్లు వేస్తే ఒక్కో షట్కోణానికి 3,780, రెండింటికీ కలిపి 7,560 కుట్లు. ఒక్కో కుట్టుకూ సూదికి దారం చుట్టాలి, కిందికి దూర్చాలి, లాగాలి, మళ్ళీ చుట్టి రెండేసి ఉచ్చుల్లోంచి రెండుసార్లు తియ్యాలి. అంచు పట్టీ, గుండీలు వేరే. అయితే ఏమిటి? కూర్చునే కదా చేస్తారు! మాదాపూర్‌లో మన పిల్లలు చేసేదీ కూర్చునే కదా అనకండి. వాళ్ళ ముందు స్క్రీన్ ఉంటుంది. పైగా ఆ ఏసీలో వణుకుతూ కార్డిగన్ తొడుక్కునేదీ వాళ్ళే. లేకపోతే రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఊలు కోటు ఎవరిక్కావాలి?

పోనీ పని యంత్రానికి అప్పగిద్దామంటే అదీ కుదరదు. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లోనే తయారుచేశాడు. క్రోషాను మాత్రం చేతితో అల్లినట్టు అల్లే ఫ్యాక్టరీ యంత్రం ఇప్పటికీ రాలేదు. అంటే మాల్‌లో డిస్కౌంట్‌కు వేలాడే అసలు క్రోషా టాప్ ప్రతిదీ ఎవరో ఒకరి చేతులు అల్లిందే. ఈ సంగతి తలుచుకుంటే షాపింగ్ మజా పోతుంది కనుక తలుచుకోకూడదు.

ఈ విషయంలో మనకు ఆదర్శం నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషా లేసు అల్లకం ఆ గోదావరి తీరాన ఇంటింటి పని అయింది. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని చేస్తుంది, మధ్యలో ఏజెంటు, పైన ఎగుమతిదారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఈ లేసు పనివాళ్ళ మీద ఏకంగా ఒక పుస్తకం వేసి గుట్టు బయటపెట్టారు. ఇంతమంది అల్లి పంపిన సరుకు దేశాలు దాటుతుంటే, వీళ్ళు మాత్రం కార్మికులు కారట. తీరిక వేళను సద్వినియోగం చేసుకునే గృహిణులట. ఎంత చక్కటి ఏర్పాటు! కార్మికురాలు కానప్పుడు కూలి చట్టం ఎందుకు? మీస్‌గారు దీన్ని దోపిడీ అన్నారు. బయటివాళ్ళకు మన మర్యాదలు తెలియవు. మనం గౌరవించలేదా ఏం? 2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకని గుర్తింపు, వచ్చింది. ట్యాగూ కావాలి, కూలీ కావాలి అంటే ఎలా?

అల్లికకు విలువే లేదని నేననను. అల్లేవాళ్ళను, తొడుక్కునేవాళ్ళను బట్టి ఉంటుంది. అంచులకు పోయేకొద్దీ అలలుగా విచ్చుకునే హైపర్బోలిక్ తలానికి కాగితంతో చేసే నమూనాలు చిరిగిపోతుంటే, 1997లో కార్నెల్ యూనివర్సిటీలో డైనా తైమిన్యా అనే గణితజ్ఞురాలు కుట్లు పెంచుకుంటూ పోయి దాన్ని క్రోషాలో అల్లి చూపించారు. అలలు లేచే మన షట్కోణానికి అది దగ్గరి చుట్టమే. కానీ అది గణితం. 2020లో గాయకుడు హ్యారీ స్టైల్స్ రంగురంగుల చతురస్రాల కార్డిగన్ తొడుక్కుని ఒక టీవీ షో రిహార్సల్‌కు వెళితే, ఆ డిజైన్ కార్డిగన్‌ను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తన సేకరణలో పెట్టుకుంది. అది కళ. నిజానికి అది క్రోషా కూడా కాదు, రెండు సూదుల అల్లిక. మ్యూజియం దాకా వెళ్ళిన వస్తువును అలాంటి ప్రశ్నలు అడగకూడదు. మా పక్కింటావిడ అల్లితే అది టైంపాస్. ఇందులో అర్థం కానిదేముంది?

ఇంతవరకు రాసేసరికి మా వియ్యపురాలు ఫోన్ చేశారు. డెట్రాయిట్ చలికి కోడలికి ఒక కార్డిగన్ కావాలట. “ఊలు మనమే కొనిద్దాం అన్నయ్యగారూ, మీ పక్కింటావిడకు ఎలాగూ ఖాళీయే కదా” అన్నారు. న్యాయమైన మాట. వెళ్ళి అడిగాను. ఆవిడ అంతా విని, లోపలికెళ్ళి సూది, ఊలుండ తెచ్చి నా చేతిలో పెట్టి, “మీరూ రిటైరయ్యారు కదండీ, ఖాళీయేగా. కూర్చోండి, నేర్పుతాను” అన్నారు. దీనిమీద కలెక్టరుగారికి అర్జీ పెడుతున్నాను.