చార్మినార్ చుట్టూ రాయి పరిచారు, నీడ మరిచారు

చార్మినార్‌ను చుట్టుకుని బస్సులు, ఆటోలు పొగ చిమ్ముతూ తిరిగిన రోజులు గుర్తున్నవారికి ఇప్పటి మార్పు విలువ తెలుస్తుంది. 1591 నాటి కట్టడం దగ్గర ఇప్పుడు పిల్లల చేయి వదిలి నడవగలుగుతున్నాం. వాహనాలను ఆపి ఈ చోటును నడిచేవాళ్లకు వదిలే పాదచారుల ప్రాజెక్టు ఏళ్ల తరబడి నత్తనడకన సాగినా, ఈ ఒక్క ఫలితానికైనా దాన్ని మెచ్చుకోవాలి.

కానీ పని గ్రానైట్ పరవడం దగ్గరే ఆగిపోయింది. మే నెల మధ్యాహ్నం అక్కడ నిలబడితే రాతి సెగ చెప్పుల్లోంచి తగులుతుంది. నీడ కోసం జనం దుకాణాల అరుగుల మీదికి చేరతారు. మెట్రో ఇంకా పాతబస్తీలోకి రాలేదు. మదీనా కూడలి వైపు దిగి నడిచి వచ్చే వృద్ధులకు మధ్యలో కాసేపు కూర్చునే చోటు కావాలి.

అసలు చిక్కు తోపుడు బండ్లది. గాజులు, చెప్పులు, పండ్లు అమ్మేవాళ్లను పోలీసులు తరిమితే పక్క గల్లీలోకి వెళ్తారు, కాసేపటికి మళ్లీ వస్తారు. రాకేం చేస్తారు? కొనేవాళ్లు ఉన్నది అక్కడే. కుతుబ్‌షాహీలు ఈ కూడలిని కట్టించింది కూడా బజారుతో కలిపే. చార్‌కమాన్ అనే నాలుగు తోరణాలు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, ఇరువైపులా దుకాణాలు. వ్యాపారం ఇక్కడికి తర్వాత వచ్చి చేరింది కాదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. వ్యాపారుల సర్వే పూర్తిచేసి, అమ్ముకునేందుకు సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. నక్షా గీసే బల్ల దగ్గర బండివాడికి కుర్చీ వేయమని చట్టమే చెబుతుంటే, మనం మాత్రం అతన్ని అడ్డంకిగానే చూస్తున్నాం.

ఇదే నగరంలో మొజంజాహి మార్కెట్ మరో దారి చూపింది. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఒకప్పుడు వాహనాల పార్కింగ్‌తో నిండిన లోపలి ఆవరణ ఇప్పుడు జనం కూర్చునే చోటయింది. పాత ఐస్‌క్రీమ్ దుకాణాలు అక్కడే నడుస్తున్నాయి. కట్టడం అందం కోసం వ్యాపారాన్ని బయటికి నెట్టాల్సిన అవసరం రాలేదు.

చార్మినార్ దగ్గర చేయాల్సింది కొత్త టెండరు పిలవడం కాదు. వేసవికి తీసి పెట్టుకోగల పందిళ్లు వేయాలి, మదీనా నుంచి వృద్ధుల కోసం బ్యాటరీ బండ్లు నడపాలి. వచ్చే రంజాన్ రద్దీ మొదలయ్యేలోపు ఒక్కో తోపుడు బండికీ గీత గీసి స్థలం చూపించాలి, సర్టిఫికెట్ చేతిలో పెట్టాలి.