సవరణ: రావెప్ వేరు, ఈఎల్‌పీ వేరు

బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనలియర్ గురించి మొన్న పెట్టిన పోస్టులో "ఊళ్ళో ఉంటారు, పంట అమ్మి లాభంలో వాటా కూడా తీసుకుంటారు" అని ఒకే వాక్యంలో రాశా, అది చదివి చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు, కాదండి. ఊళ్ళో ఉండేది రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం), పండించి అమ్మేది ఈఎల్‌పీ (ఎక్స్‌పీరియన్షియల్ లెర్నింగ్ ప్రోగ్రామ్, అంటే చేస్తూ నేర్చుకోవడం). వ్యవసాయ కోర్సుల సిలబస్ రూపొందించే ఐదో డీన్స్ కమిటీ సిలబస్‌లో ఇవి రెండు వేర్వేరు సెమిస్టర్లు, చెరో 20 క్రెడిట్లు.

రావెప్‌లో పిల్లలు రైతులతో కలిసి తిరుగుతారు, రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో ఊరి మ్యాప్ గీయిస్తారు, చెరువెక్కడ, బోర్లెక్కడ, ఏ వైపు పొలాలకి నీళ్ళందవో రైతులే చూపిస్తారు. ఇందులో అమ్మకాలూ లాభాలూ ఉండవు.

వాటా వచ్చేది ఈఎల్‌పీలో. పుట్టగొడుగుల యూనిట్ తీసుకున్నారనుకోండి, గడ్డి కత్తిరించి నానబెట్టి ఉడకబెట్టి, తడి ఆరాక కవర్లో పొరలు పొరలుగా విత్తనం చల్లి, చీకటి గదిలో పెట్టి, కోశాక అమ్మి లెక్కలు రాసేదాకా అంతా వాళ్ళదే. గడ్డిలో తడి ఎక్కువైతే బెడ్ కుళ్ళిపోద్ది, ఆ నష్టం లెక్కల్లో కనబడుద్ది, అదే అసలు చదువు నా దృష్టిలో.

ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలకి కూడా ఇలాంటి సెమిస్టర్ కావాలి అని ఆ పోస్టులో అన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నా, సర్టిఫికెట్ కోసం చేసే ఇంటర్న్‌షిప్‌లతో ఈ పని నడవదు.