సిరిమానుకి పార్కింగ్ టోకెన్

విజయనగరం గంటస్తంభం వెనక పాత వీధుల్లో ఇళ్లు పడగొట్టి బాగుచేస్తే ఎలా ఉంటాయో చూపించే బొమ్మ ఒకటి నా ఫోన్లోకి వచ్చింది. చాలా ముచ్చటేసింది. కింద కార్లకు రెండంతస్తులు, ఆ పైన మనుషులకు ఫ్లాట్లు. బాల్కనీలకు కమానులు పెట్టారు కాబట్టి అది 'హెరిటేజ్ లుక్' అట. బొమ్మలో నడిచే వాళ్లందరి భుజానా ల్యాప్‌టాప్ సంచి ఉంది. ఉల్లిపాయల బస్తా మోసే మనిషి ఒక్కడూ లేడు. 1713లో ఇక్కడ కోట మొదలుపెట్టిన పూసపాటి రాజులకు పార్కింగ్ మీద ముందుచూపు లేకపోవడం చారిత్రక తప్పిదమే, ఒప్పుకుందాం.

నా బెంగంతా దసరా వెళ్లిన మంగళవారం గురించే, పొడవాటి మాను చివర పూజారిని అమ్మవారి రూపంగా కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లమ్మ సిరిమాను పండగ గురించే. ఆ పార్కింగ్ గేటు దగ్గర టోకెన్ కుర్రాడు నిలబడి ఉంటాడు. ఊరేగింపులో ముందుగా పాలధార వస్తుంది, దానికి నంబర్ ప్లేటు లేదు. వెనకే తెల్ల ఏనుగు రథం. యాప్‌లో టూ వీలర్, ఫోర్ వీలర్ ఉన్నాయి గానీ ఏనుగు లేదు. బెస్తవారి వల గేటు కర్రకి చుట్టుకుంటుంది. ఆఖరికి సిరిమాను! కుర్రాడు తలెత్తి, "పూజారిగోరూ, ఎత్తు ఏడడుగులే బావూ, కాస్త వొంగి రండి" అంటాడు. మాను చివర ఆకాశంలో కూర్చున్న పూజారి ఎక్కడికని వంగుతారు? "కోట దాకా మూడుసార్లు తిరగాలా? అయితే మూడు టోకెన్లు. అరటిపళ్లు ఇసిరితే ఫైను." ఇంతలో ఫోన్‌పే సర్వర్ డౌన్. ఇసకేస్తే రాలని జనం, ఏడడుగుల గేటు, పైన అమ్మవారు.

"ఆ ఇళ్లు పాతబడిపోయాయండీ, ఏం చేస్తాం" అంటారు. ఎలా పాతబడతాయో మనకి తెలీదూ? గోడ పగుల్లో రావి మొక్క మొలుస్తుంది. రెండు వేళ్లతో పీకేసే రోజుల్లో ఎవరూ పీకరు. సున్నపు గోడకి సిమెంటు మెత్తుతారు, చెమ్మ బయటికి పోలేక లోపల ఇటుక గుల్లవుతుంది. వేరు గోడని చీల్చాక పెద్దమనిషి ఒకాయన ఫైలు పట్టుకొచ్చి 'శిథిలం' అని రాస్తాడు. కోటలోని 1869 నాటి మోతీమహల్ 2020లో పోయింది. మూడు లాంతర్ల స్తంభమూ ఆ ఏడాదే పోయింది. ఆటో ఎక్కి ఇప్పటికీ "మూడు లాంతర్లు" అనే చెబుతున్నాం, ఆ పాత లాంతర్లు లేని చోట దిగుతున్నాం.

రాయి పోతే పోయింది, ఫోటోలైనా ఉంటాయి. ఆ పాత వీధిలో ఓ పెంకుటింట్లో అద్దెకుండి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ ఎక్కడికి పోవాలి? పట్టా ఇంటాయనది, డబ్బు ఇంటాయనకి. ఆవిడకి మాత్రం "నెలాఖరుకి ఖాళీ చెయ్యమ్మా". రేపు రాబోయే కారుకి ఇవాళే గీత గీసి జాగా చూపిస్తారు, ఏళ్ల తరబడి అక్కడే జాకెట్లు కుడుతున్న మనిషికి చూపించలేరా? సిగ్గుండాలి. ఆ వీధిలోనే ఆవిడకి గది ఇస్తామని, ఇప్పటి అద్దెకే ఇస్తామని, కట్టేదాకా ఎక్కడుంచుతారో కూడా ముందు కాగితం మీద రాయండి. సంతకం పడ్డాక గునపం పట్టుకోండి. అందాకా కార్లు మీ గుమ్మంలోనే పెట్టుకోండి.