కార్ట్ పాత్ బోర్డుగారికి ఒక రాడ్డు కాలి విన్నపం

మహారాజశ్రీ బోర్డుగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ ఉదయం మన గోల్ఫ్ క్లబ్బులో మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర తమరు రెండు ఇనుప కాళ్ళ మీద నిటారుగా, కట్టూ కర్రా అవసరం లేకుండా నిలబడి ఉండగా చూసి సంతోషించాను. ఇక్కడ నేనూ క్షేమమే. ఎడమ మోకాలి కింది నుంచి చీలమండ దాకా ఎముక లోపల ఒక రాడ్డు, అది కదలకుండా పైనా కిందా స్క్రూలు. మెట్లు దిగేటప్పుడు తప్ప గుర్తుకు రావు. ఎముక అతికిందని డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. "ఆడుకోండి, కానీ నడక తగ్గించండి, బండి తీసుకోండి" అన్నారు. ఆ మాట పట్టుకుని వచ్చినవాడికి తమరి మాట ఎదురైంది: ఈరోజు బండ్లు వాటికోసం వేసిన బాట (కార్ట్ పాత్) దిగరాదు.

కారణం వర్షమట. రాత్రి మా పెరట్లో దండెం మీద మరిచిపోయిన తువ్వాలు కూడా పూర్తిగా తడవలేదు. అయినా తమరితో వాదించను. నానిన నేల మీద చక్రం తిరిగితే మట్టి అణిగిపోతుందనీ, వేళ్ళకు గాలి అందక బెర్ముడా గడ్డి పాలిపోతుందనీ, ఆ జాడలు ఒక పట్టాన పోవనీ నాకూ తెలుసు. గడ్డికి విశ్రాంతి కావాలి. నేను మంచం మీద విశ్రాంతి తీసుకున్నన్నాళ్ళూ క్లబ్బువారు నెలనెలా చందా మాత్రం వసూలు చేశారు, అది వేరే ఉత్తరానికి సరిపోయే సంగతి.

ఒక చిన్న లెక్క చెబుతాను, ఓపికగా వినండి. మన కోర్సులో బాట దాదాపు ప్రతి హోల్‌కూ, అంటే టీ నుంచి గుంట దాకా ఉండే ప్రతి ఆటస్థలానికీ, ఎడమ అంచునే పోతుంది. నాది కుడిచేతి ఆట. కుడిచేతి ఆటగాడు కొట్టే క్షణానికి ఒంటి బరువు ఎడమకాలి మీదికి రావాలి, నడుము దాని ఆసరాతోనే తిరగాలి. నా ఎడమకాలు బరువు వస్తోందని పసిగట్టగానే బెదిరిపోతుంది. బరువు కుడికాలి మీదే ఆగిపోతుంది, చేతిలోని క్లబ్బు (బంతి కొట్టే కర్ర) ముఖం తెరుచుకుంటుంది, బంతి కుడివైపుకు వంగుతూ వంగుతూ చెట్లలోకి పోతుంది. బండి ఎడమ అంచున, బంతి కుడి అంచున. వెళ్ళడానికి అరవై గజాలు, తిరిగి బండి దగ్గరికి రావడానికి అరవై. చెట్ల కింద నుంచి చిన్న దెబ్బతో బయటపడితే బంతి ముందుకు కదిలేది ఏ ఎనభై గజాలో. మళ్ళీ అదే తంతు. రెండో హోల్ అయ్యేసరికి మా క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) ఎంతో మర్యాదగా అడిగాడు: "సార్, బండిని ఇక్కడే వదిలేస్తే తక్కువ నడుస్తారేమో?"

నడక తగ్గించుకోవడానికి అద్దె కట్టి తీసుకున్న బండి వల్ల, బండి లేనివాడికంటే ఎక్కువ నడిచాను.

అదీ తడి గడ్డి మీద. నాలుగో హోల్‌లో బంకర్ (ఇసుక గుంట) పక్కనున్న వాలు తమరికి తెలియదు, ఉన్నచోటు నుంచి ఎప్పుడూ కదలలేదు కనక. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు అని ఫిజియోథెరపీ అమ్మాయి వందసార్లు వల్లె వేయించింది. ఆ వాలు మీద పక్కకు తిరిగి, పట్టర్‌ను (బంతిని గుంటలోకి నెట్టే క్లబ్బును) కర్రలా నేలకు ఆనించి, చెడ్డకాలు దించాను. మడమ కింద గడ్డి వేలెడంత జారింది. అంతే. పడలేదు. కానీ ఆ వేలెడు జారుడుకు స్క్రూలున్న చోట ఒక చల్లటి మెరుపు మెరిసింది. కాసేపు అక్కడే నిలబడిపోయాను. వెనక వస్తున్న నలుగురు నడుముల మీద చేతులు పెట్టుకుని, ఆలస్యమవుతోందన్నట్టు చూశారు.

తమరి శాసనానికి ఒక మినహాయింపు ఉందని తెలిసే వచ్చాను. బండికి చిన్న జెండా కట్టుకున్నవారు బాట దిగి బంతి దాకా వెళ్ళవచ్చు. పోయిన వారం ఫోన్ చేసి అడిగితే ఆఫీసులో ఆయన "దానికేముంది సార్, మీరు రండి, జెండా సిద్ధంగా పెడతాం" అన్నారు. వచ్చాను. జెండా లేదు. డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. జేబులోంచి తీసి ఇచ్చాను. అది క్లబ్బు ఫారం మీద ఉండాలన్నారు. ఫారం ఇవ్వమన్నాను. అయిపోయాయన్నారు. ఉన్నా లాభం లేదట, కమిటీ సంతకం కావాలట, కమిటీ వచ్చే నెల కూర్చుంటుందట. ప్యాంటు పైకి మడిచి మచ్చ చూపించాను. "అయ్యో" అని, కాఫీ తాగుతారా అని అడిగారు. కమిటీ కూర్చోవడానికే ఇంత కాలం పడుతుంటే, నేను లేచి నిలబడడానికి పట్టిన కాలం ఏమంత ఎక్కువ కాదనిపించింది.

సరే అనుకుని ఐదో హోల్‌కు చేరాను. అప్పుడు ఫెయిర్‌వే (ఆట సాగే పొట్టి గడ్డి) మధ్యలోంచి ఒక బండి జెండా ఎగరేసుకుంటూ పోయింది. గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) దగ్గర ఆగింది. అందులోంచి దిగిన పెద్దమనిషి బంకర్ అంచు మీంచి ఒక్క గెంతు గెంతి అవతలికి దూకాడు. కమిటీ సభ్యుడట. మోకాలి నొప్పట.

ఇక తమరూ గిమరూ లేదు. ఆ బండి చక్రాల కింద నీ గడ్డి వేళ్ళకు గాలి ఆడిందా? నీ గడ్డికి దెబ్బ తగిలితే చుట్టూ తెల్లగీత గీసి, మరమ్మతులో ఉన్న నేల అంటారు. అందులో పడిన బంతిని ఏ జరిమానా లేకుండా తీసి పక్కన వేసుకోమని గోల్ఫ్ 16వ నియమం చెబుతుంది. ఆ గడ్డి ఏ ఫారం నింపింది? ఏ కమిటీ ముందు తన వేళ్ళు విప్పి చూపించింది? నా చుట్టూ గీత గీసేవాడు ఒక్కడూ లేడే! పోనీ నియమాల పుస్తకం నాలాంటివాళ్ళను మరిచిందా అంటే అదీ లేదు. 2023 నుంచి 25వ నియమం మొత్తం వైకల్యం ఉన్న ఆటగాళ్ళ గురించే. కర్రతో ఆడేవారికీ, చక్రాల కుర్చీలో ఆడేవారికీ అందులో చోటుంది. ఎక్కడో స్కాట్లాండ్‌లోనూ అమెరికాలోనూ కూర్చుని రాసినవాళ్ళకు తట్టింది, రోజూ నా ముఖం చూసే నీకు తట్టలేదు.

ఈ మాటంటే క్లబ్బు పెద్దలకు వెంటనే టైగర్ వుడ్స్ గుర్తొస్తాడు. 2021 ఫిబ్రవరిలో కారు బోల్తాపడి కుడికాలు నుజ్జయింది, మీలాగే రాడ్డు వేశారు, 2022 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీలో ఆగస్టా కోర్సు ఎత్తుపల్లాల్లో నాలుగు రోజులూ నడిచి ఆడాడు, మీకేమయింది అంటారు. 47వ స్థానంలో, కుంటుతూ ముగించాడన్నది చెప్పరు. అంతకుముందు డిసెంబరులో కొడుకుతో కలిసి ఆడిన పోటీలో బండిలోనే తిరిగాడన్నది అసలే చెప్పరు. ఇంకా పెద్దవాళ్ళయితే పాతకాలపు ఆటగాడు బెన్ హోగన్ దగ్గరికి పోతారు. 1949లో పొగమంచులో బస్సు గుద్ది కటి ఎముక విరిగిన ఆ మహానుభావుడు, 1950 జూన్‌లో కాళ్ళకు కట్లు చుట్టుకుని మెరియన్ కోర్సులో ఒకే రోజు 36 హోల్స్ నడిచాడు, మర్నాడు మరో 18 ఆడి యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆయనకు రెండు చేతులా దండం. నేను ఏ కప్పూ గెలవడానికి రాలేదు. నలుగురితో చిన్న పందెం ఓడిపోయి, పెసరట్టు తిని ఇంటికి పోవడానికి వచ్చాను. మా బావమరిది అయితే గోల్ఫ్‌లో కాలికేం పని అంటాడు, ఆయన్ని వదిలేద్దాం.

నడకే ఆటకు ప్రాణమని వాదించేవారికి అమెరికా సుప్రీంకోర్టు 2001లోనే జవాబిచ్చింది. కేసీ మార్టిన్ అనే గోల్ఫ్ ఆటగాడికి కుడికాలిలో పుట్టుకతోనే రక్తనాళాల జబ్బు. బండి అడిగితే, పోటీలు నడిపే పీజీఏ టూర్ కుదరదంది. కోర్టు 7–2 తో అతని పక్షం తీర్పు చెప్పింది. 18 హోల్స్ నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 500 క్యాలరీలనీ, అది ఒక బిగ్ మాక్ బర్గర్ కంటే తక్కువేననీ ఆ కేసులో ఒక నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. బండి ఇచ్చినా మార్టిన్ మైలుకు పైగా నడవక తప్పదన్నది కూడా ఆ తీర్పులో ఉంది. గోల్ఫ్ కోర్సుకు ఎన్నడూ కాపలా కాయని న్యాయమూర్తులకు బండికీ బంతికీ మధ్య దూరం కనిపించింది.

ఏడో హోల్ గురించి కూడా రాయకపోతే అన్యాయం. తక్కువ దూరం హోల్, బాట గ్రీన్‌ను ఒరుసుకుంటూ పోతుంది. అక్కడ ఎందుకో ఎడమకాలు బెదరలేదు. బరువు వచ్చింది, నిలబడింది, నడుము తిరిగింది. దెబ్బ తగిలినట్టు కూడా చేతులకు తెలియలేదు. బంతి ఎత్తుకు లేచి గుంటలోని జెండా కర్రకు నాలుగడుగుల్లో పడింది. క్యాడీ ఏమీ అనకుండా పట్టర్ అందించాడు. ఆ పట్ కాస్తా తప్పిపోయింది, అది వేరే సంగతి.

తొమ్మిది హోల్స్‌తో ఆపేసి ఇంటికొచ్చాను. చీలమండ వాచింది, ఐసు పెట్టుకుని ఇది రాస్తున్నాను. వచ్చే ఆదివారం ఆరున్నరకు సమయం తీసుకున్నాను. వాన పడినా వస్తాను. నువ్వూ ఉంటావు, ఎక్కడికి పోతావు?

ఇట్లు,
బండి బాట మీద, బంతి చెట్ల కింద ఉన్న సభ్యుడు

తా.క. జెండా కోసం కమిటీని శ్రమపెట్టవద్దు. మా వీధి దర్జీకి గుడ్డ ఇచ్చేశాను. క్లబ్బు జెండా రంగేమిటని ఆఫీసుకు ఫోన్ చేస్తే కనుక్కుని చెబుతామన్నారు. అందుకని మా ఆవిడ పాత ధర్మవరం చీర కొంగుతోనే కుట్టిస్తున్నాను. జరీ బాగుంది, ఏ కమిటీకైనా దూరం నుంచే కనిపిస్తుంది.